కూసం పట్టిన చప్పుడు

నడుము కింద నేను లేను. మత్తు డాక్టరు సంతోష్ వెన్నులో సూది గుచ్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు గానీ, కాసేపటికి కాళ్ళు వెచ్చబడ్డాయి, బరువెక్కాయి, ఆ తర్వాత పక్కింటివాళ్ళు అడిగి పట్టుకుపోయిన బాడిసలాగా పోయాయి, తిరిగొస్తాయో లేదో వాళ్ళకే తెలియాలి. నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. విరిగిన కుడి తుంటి పైకుంది. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దానికి అవతల నాలో సగం, చుట్టూ నలుగురు మనుషులు, వాళ్ళ సామాను. ఇవతల నా తల, గోడ గడియారం, సంతోష్. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. "నిద్రకు ఇంజక్షన్ ఇస్తా పెద్దాయనా, కండ్లు మూసి తెరిసేలోపల అయిపోతాది" అన్నాడు. వద్దన్నాను. "యాల?" అన్నాడు. "పని చప్పుడు వినల్ల నాయనా" అన్నాను. ఆయన నవ్వి, భయమేస్తే చెప్పమన్నాడు. కత్తికి నాకేం భయం? ఎమ్మిగనూరులో వడ్ల భీమన్న అంటే యాభై ఐదేళ్ళుగా వడ్రంగంలో, సుత్తికీ ఉలికీ మధ్య బతికిన మనిషి, రెండు వేళ్ళ కొసలు ఎప్పుడో రంపానికి ఇచ్చేసినవాడు. నా భయం వేరే. ఈ బల్ల మీది నుంచి దిగాక నేను నిలబడే మనిషినవుతానా, పడుకునే మనిషినవుతానా, అదొక్కటే.

ఏదో కాలుతున్న వాసన. నాదే అనుకుంటాను. "రక్తం కారకుండా మాడుస్తాండారు, అంతే" అంటున్నాడు సంతోష్, నేను అడగకముందే. మంచివాడు. మాడ్చుకోనీ. పడిన పద్ధతికి అంతకన్నా ఎక్కువే జరగాలి నాకు. ఆ సంగతి చెప్పుకోవడానికే సిగ్గు. మా ఊరి నేతగాడు నరసింహ వాళ్ళింట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదానికి దోనె, అదే నేసిన బట్ట చుట్టుకునే దూలం, అరిగిపోయిందంటే తుమ్మ చేవతో కొత్తది చేసి పట్టుకుపోయాను. బిగించాను. బిగించాక మా పనివాళ్ళకు ఒక అలవాటుంది, ఎవరూ నేర్పరు, ఎవరూ మానరు. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, వంకరుందేమో చూస్తాం. ఎన్ని వేలసార్లు వేశానో ఆ రెండడుగులు. ముందున్న పనిని చూస్తాం గానీ వెనక ఏముందో ఏ వడ్లవాడూ చూడడు. ఆ పూట నా వెనక రెండో మగ్గం గుంట ఉంది, నేతగాడు కాళ్ళు వదులుకుని కూర్చునే గుంట, తొడల లోతు. పడ్డాను. పడేటప్పుడు కూడా మూసిన కన్ను మూసే ఉంది. దోనె మాత్రం రవ్వంత వంకర లేదు. అది చూసే పడ్డాను.

నొప్పి మోకాలి దగ్గర తెలిసింది. మోకాలు, మోకాలు అని అరిచాను. నరసింహ నన్ను పిల్లోణ్ణి ఎత్తినట్టు ఎత్తి, ఆకు పసరుతో కట్టు కట్టే ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నా మోకాలు నొక్కి నొక్కి చూసి, "ఈడ ఇరిగినట్టు లేదే" అని గొణిగాడు కూడా. "నా మోకాలు నాకు తెలీదా? నువ్వు కట్టప్పా" అని కసిరాను. కట్టాడు. ఆయన తప్పు ఆవగింజంత లేదు. ఆదోనికి వచ్చాక డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపిస్తూ, "తుంటి మీద కొడితే మూతిపండ్లు రాలినాయంట, ఆ సామెత మీలాంటోళ్ళను చూసే పుట్టింటాది పెద్దాయనా. మీకు తుంటి ఇరిగితే మోకాలు నొచ్చింది. రెండుచోట్లకూ పోయే నరం ఒకటే" అన్నది. సామెత చెప్పినవాళ్ళు వెటకారానికి చెప్పారనుకున్నాను ఇన్నాళ్ళూ. ఐదు రోజులు మోకాలికి పసరు పూసుకుంటూ, విరిగిన తుంటి మీద పక్కకు ఒత్తిగిలాలని చూసిన మొండివాణ్ణి నేను. ఇంట్లో నా పెండ్లాం హనుమక్క లేకపోతే ఇంకా పూసుకుంటూనే ఉండేవాణ్ణి.

ఐదో రోజు పొద్దున తడిగుడ్డతో నా కాళ్ళు తుడుస్తూ హనుమక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. రెండు మడమలూ దగ్గరికి చేర్చి పట్టుకుంది. కుడిది బెత్తెడు కాకపోయినా రెండు వేళ్ళ మేర పైకుంది. "ఏమయ్యా, నీ పాదం గోడ దిక్కు పండుకోనుండాది" అంది. నేనేదో అనబోయాను. ఆమె నా మొహం వైపు చూడకుండా, "అత్తకు ఇట్లనే ఉండె" అంది. అంతే. నా కూసాలు కదిలిపోయాయి. ఆమె మాత్రం లేచింది. నా పనికొట్టంలోకి పోయి, చిత్రిక పట్టి నునుపు చేసిన పలక ఒకటి వెతికి తెచ్చింది, గరుకుది కాదు, నునుపుదే. పాత చీర నాలుగు పేలికలు చించి కాలిని పలకకు కట్టింది. నరసింహను పిలిచి సామాన్ల ఆటో ఒకటి మాట్లాడించింది. కర్నూలుకు పోదామా అని నరసింహ అంటే, "దగ్గరుండేది ఆదోని. దోవలో గంటలు పోగొట్టేది యాల?" అంది. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా పత్తి లారీల వెనకాల, ప్రతి గుంతకూ నేను అమ్మా అంటుంటే, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, పక్కకు వాలకుండా రెండు చేతులా నిటారుగా పట్టుకుని కూర్చుంది. అరవై ఆరేళ్ళ మనిషి. చేతులు పీకలేదా అని నేను అడగలేదు. ఇప్పుడు తలుపు అవతల బల్ల మీద కూర్చుని ఉంటుంది. తిని ఉండదు.

రంపం. ఇదుగో, రంపం మొదలైంది. కరెంటుదే, సన్నటి పళ్ళది, ఈగ రొదలాగా. ఎముక మెడ కోస్తున్నారన్నమాట. కొత్తవాడికి రంపం ఇస్తే మధ్యలో ఆపి ఆపి కోస్తాడు, వంకర పోయిందేమోనని. ఇది ఆగలేదు. ఒకే ఊపు, చివర్లో మాత్రం నెమ్మదించింది. చివర్లో నెమ్మదించకపోతే కట్టెకు చీలికలు లేస్తాయి. ఎవరు చెప్పారు ఈ పిల్లకు? నిన్న చూసినప్పుడు నాకు నమ్మకం కలగలేదు, ఉన్నమాట చెప్పాలి. డాక్టరు ప్రియదర్శిని, ఆదోని పత్తి మండీ ఇంద్రసేనయ్య మనవరాలు. ముప్పై అయిదుంటాయేమో. నేను మనుషుల మొహాలు చూడను, మణికట్లు చూస్తాను. ఆమె మణికట్టు నా సుత్తి పిడంత ఉంది. ఈ చేతులతో తుంటి మారుస్తుందా, గాజులు మార్చుకుంటుందా అనుకున్నాను. లోపలికి దించబోయే సామాను ఎట్లా ఉంటుందో చూపించమని అడిగాను. పేషెంట్లకు చూపడానికి పెట్టుకున్న నమూనా తెచ్చి నా చేతిలో పెట్టింది. కింద కొస సన్నగా, పైకి వచ్చేకొద్దీ లావుగా ఒక ఇనుప కాడ, దాని నెత్తిన బంతి, బంతి తిరగడానికి ఒక గిన్నె. నేను చేత్తో తడిమి, అంచు గోటితో గీకి, వంపు చూసి, ఇది కూసమే అన్నాను. కూసమంటే ఏందని అడిగింది. ఒక కట్టె కొసను చెక్కి ఇంకో కట్టె బెజ్జంలోకి దిగ్గొట్టేదమ్మా, మంచం కోడుకూ పట్టెకూ మధ్య ఉండేది అదే అని చెప్పాను. "అయితే ఇది కూసమే" అని ఒప్పుకుంది. "దించేది ఎట్లమ్మా?" "సుత్తితోనే పెద్దాయనా." "బంక పెడతావా?" "కొందరికి పెడతాం. మీది పనిచేసిన ఎముక, గట్టిగుంది. బంక లేకుండానే బిగిస్తా." ఆ మాటకు నాకెంత పొంగు వచ్చిందో. బంక పెట్టి నిలబెట్టేది ఎవడైనా నిలబెడతాడు. బంక లేకుండా నిలిచేదే కూసం.

ఇప్పుడు బర్మా తిరుగుతోంది, గిన్నె కూర్చోబెట్టడానికి చోటు తొలుస్తోంది. బల్ల కొద్దిగా అదురుతోంది, నా దవడ దాకా వస్తోంది అదురు. పదీ నలభై రెండు. అమ్మకు ఇవేమీ లేవు. నా ముప్పై రెండో ఏట అమ్మ వాకిట్లో నీళ్ళ కడవతో జారింది. పాదం పక్కకు పడింది, కాలు కురచైంది, ఇంతే, అచ్చం ఇంతే. ఆ వయసులో ఎముక అతకదన్నారు. పెద్దాసుపత్రికి పోతే కాలికి బరువు వేలాడగట్టి నెలల తరబడి పండబెడతారన్నారు. అన్నవాళ్ళెవరూ డాక్టర్లు కాదు. పండుకునేదేదో ఇంట్లోనే పండుకోనీ అన్నది నేను. అని ఊరుకోలేదు, మంచం చేశాను. టేకు మంచం. తల వైపు పలకకు ఆరు గాట్లు, ఏ గాటుకు ఆనిస్తే ఆ ఎత్తుకు లేచేట్టు. నడుము కింద గుండ్రటి బెజ్జం, దానికి జారుడు మూత, లేపకుండానే అన్నీ జరిగిపోయేట్టు. నెల రోజులు రాత్రీపగలూ చేశాను. ఊరంతా వచ్చి చూసింది. భీమన్న అమ్మకు చేసిన మంచం చూడాలంటే పొరుగూళ్ళ నుంచి వచ్చారు. ఇద్దరు తమ ఇళ్ళలో పడినవాళ్ళకు అట్లాంటిదే చేసిపెట్టమని అడిగారు, చేశాను, గర్వంగా చేశాను. అమ్మ మాత్రం మంచాన్ని ఒక్కరోజూ మెచ్చుకోలేదు. పొద్దున్నే నన్ను చూడగానే, "ఒగసారి నిల్సబెట్టురా నాయనా" అనేది. నేను తల పలకను ఒక గాటు పైకి జరిపేవాణ్ణి. పద్నాలుగు నెలలు. వీపున పుండ్లు పడితే వేపాకు నీళ్ళతో కడిగింది హనుమక్క, పూటకు రెండుసార్లు ఒత్తిగిలజేసింది హనుమక్క, జారుడు మూత కింద గమేళా పెట్టిందీ తీసిందీ హనుమక్క. మెప్పు నాకు, చాకిరి ఆమెకు. నిన్న ఆటోలో నా పాదాన్ని పట్టుకుని కూర్చున్నప్పుడు ఆమె ఏం ఆలోచించిందో నాకు తెలుసు. ఇంకో పద్నాలుగు నెలలు చేయడానికి ఆమె నడుములో బలం లేదు. చేయనని కూడా అనదు. అదే నాకు భయం.

సుత్తి. గిన్నెకు ఒక నాలుగు దెబ్బలు పడి ఆగాయి. సంతోష్ నా మొహంలోకి వంగి చూస్తున్నాడు. "శబ్దానికి ఇబ్బందిగా ఉండాదా?" "లేదు నాయనా, గమ్మునుండు" అన్నాను. పాపం, డాక్టరును గమ్మునుండమన్నాను. కానీ అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. తొడ ఎముక లోపల బెజ్జం చేయాలి, కాడ ఆకారానికే ఉన్న ఆకురాయి లాంటిదాన్ని దిగ్గొట్టి, తీసి, దానికన్నా లావుది దిగ్గొట్టి, తీసి, అట్లా నంబరు నంబరుకూ పెంచుకుంటూ పోతామని నిన్న ఆమే చెప్పింది. దబ్, దబ్, దబ్. నా కాలి మీదే పడుతున్నాయి దెబ్బలు, కానీ నా కాలు నాకు లేదు కాబట్టి పక్కింటి తలుపు మీద పడుతున్నట్టే ఉంది. ఆమె చెయ్యి వింటున్నాను. మణికట్టు సన్నమైతేనేం. బలమంతా భుజంలోంచి తెచ్చి కొట్టేవాడు పదో దెబ్బకు అలసిపోతాడు. ఈమె కొట్టడం లేదు, సుత్తిని పడనిస్తోంది. సుత్తి బరువే పని చేస్తోంది. ఇది తెలియడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది, మా నాయన చేతి మొట్టికాయలతో కలిపి.

దబ్, దబ్. బోలు చప్పుడు. లోపల ఇంకా చోటుంది. దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెం దిగుతూనే ఉంది, ఎక్కడా పట్టడం లేదు. ఇదిగో, ఇక్కడే. నాలాంటి ముసలివాళ్ళ తుంటిలో కూసం వదులుగా ఉంటే ఏమవుతుంది? మంచం కోడు వదులైతే ఏమవుతుందో అదే. నిలబడ్డ రోజే కిర్రుమంటుంది, నెలకు ఊగుతుంది, మళ్ళీ పడక. చాలు, లోపలికి పోయింది కదా, పైకి కనపడదు కదా అనుకునే పనివాళ్ళు నాకు వంద మంది తెలుసు. పట్టలేదమ్మా అని అరవాలనుంది. గుడ్డ అవతల సుత్తి ఆగింది. ఆమె వింటోంది. నాకు తెలుసు, ఆమె కూడా వింటోంది. "ఇంకా పట్టలేదు. ఒక నంబరు పెద్దది ఇవ్వండి" అంది.

"అవును" అన్నాను.

పైకే అన్నాను. గుడ్డ అవతల ఏదో గిన్నెలో ఖంగుమని పడింది. "పెద్దాయన మేలుకొనే ఉండాడా?" అని ఆమె గొంతు. "ఒక్క దెబ్బ ఇడిసిపెట్టకుండా లెక్క పెడతాండాడు మేడం" అన్నాడు సంతోష్. గుడ్డ అవతల నవ్వులు. ఆమె కూడా నవ్వింది గానీ చెయ్యి నవ్వలేదు. పెద్దది దిగుతోంది ఇప్పుడు. దబ్, దబ్, దబ్, ఆ తర్వాత చప్పుడు మెల్లగా సన్నబడింది, గట్టిపడింది, టక్, టక్. ఇంకొకటి. అదే చప్పుడు. ఇంకొకటి. అదే. మూడు దెబ్బలు ఒకే శ్రుతి. పట్టింది. ఇక్కడ ఆపాలి తల్లీ. ఇంకొక్క దెబ్బ, సంతోషానికి వేసే ఆ ఒక్క దెబ్బే పనిని పాడు చేస్తుంది, కట్టె నిలువునా పగులుతుంది. మంచి టేకు దూలాన్ని నేనే ఒకసారి ఆ సంతోషపు దెబ్బతో చీల్చాను, మా నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కొట్టడం ఎవరికైనా వస్తుంది, కొడుతూ కొడుతూ ఆపడం రాదు. సుత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. ఆపింది. నా రొమ్ములో పట్టుకున్న ఊపిరి అప్పుడు వదిలాను. సంతోష్ పక్కనున్న మిషను వైపు చూసి, "బీపీ దిగింది పెద్దాయనా, ఇంతసేపూ యాల పైకి ఎక్కించుకోనుంటివి?" అన్నాడు.

ఆ తర్వాత అంతా ఇల్లు కట్టాక చేసే పనుల్లాగా జరిగిపోయింది. అసలు కాడ దిగింది, దాని నెత్తిన బంతి ఒక్క దెబ్బతో కూర్చుంది. నా కాలిని ఇద్దరు పట్టుకుని లాగారు, తిప్పారు, బంతి గిన్నెలో పడినప్పుడు నా పళ్ళు టకటకలాడాయి. కాలు ముందుకు మడిచి చూశారు, వెనక్కి తీసి చూశారు, పక్కకు తిప్పి చూశారు. పని అయిపోయిందనుకున్న చోట ఆగకుండా, ఊడుతుందేమోనని ఊడదీయడానికి చూసినవాళ్ళే నిజమైన పనివాళ్ళు. "రెండు కాళ్ళూ సమానం" అంది ఆమె. ఇక కుట్లు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, అది నిన్ననే చెప్పారు. పనికొట్టంలో పీట పోయి ఎత్తు బల్ల రావాలి. చేసుకుంటాను. బల్ల చేసుకోవడం నాకు ఒక లెక్కా? నిలబడి పట్టే చిత్రిక ఇంకా బాగా వస్తుందేమో, ఎవరు చూశారు.

గుడ్డ తీసేశారు. ఆమె నా తల వైపుకు వచ్చింది. మాస్కు కిందికి లాగింది. మొహం మీద మాస్కు తాళ్ళ గుర్తులు, నుదుటి మీద చెమట. చంటిపిల్ల తల్లిలాగా అలసిపోయి ఉంది. "అయిపోయింది పెద్దాయనా. మంచిగా బిగిసింది. రేపు పొద్దున వాకరు పట్టుకొని నిలబెడతాం."

"రేపేనా?"

"రేపే. పడుకోబెట్టేకొద్దీ మీకే ముప్పు."

"ఎంతసేపు పట్టిందమ్మా?" గడియారం నా ఎదురుగానే ఉంది, అయినా ఆమె నోటితో వినాలనిపించింది.

"గంటా పది నిమిషాలు."

గంటా పది నిమిషాలు. నిల్సబెట్టురా అని అమ్మ అడిగింది ఇంత పనికేనా? ఎవరో ఒకరికి తెలిసి ఉంటే, మేమొక బస్సెక్కి ఉంటే, నేను నా ఉలి పక్కన పెట్టి నలుగురిని అడిగి ఉంటే. ఏమో, ఆ రోజుల్లో అడిగినా దొరికేదో లేదో. కళ్ళలో నీళ్ళు ఆగలేదు, పక్కకు పడుకుని ఉన్నాను కాబట్టి ముక్కు మీదుగా దిండులోకి పోయాయి. తుడుచుకుందామంటే చేతికి సూది గొట్టం ఉంది. ఆమె కంగారుగా వంగి, తన చేత్తోనే తుడిచింది. నిన్న నేను ఎగాదిగా చూసిన అదే చెయ్యి.

"నొప్పి తెలుస్తోందా?"

"లేదమ్మా" అన్నాను. "నీ పని బాగుండాది."

ఆమెకు అది మామూలు మాటే అయి ఉంటుంది, రోజూ వింటుంది. తల ఊపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. యాభై ఐదేళ్ళలో ఇంకొకరి కూసాన్ని బాగుందని నేను నోరు తెరిచి అనడం అదే మొదలు.